అనంతలక్ష్మి బండి వెనక చక్రం

నేను ఒక మోటారుని. మోటారనగానే మీకు బోరు దగ్గర నీళ్లు తోడేదో, మేడ మీద ట్యాంకు నింపేదో మనసులో మెదులుతుంది. నేను ఆ వంశం దాన్ని కాదు. బ్యాటరీతో నడిచే బండికి వెనక చక్రం మధ్యలో, అట్లపెనమంత గుండ్రంగా కూర్చుని ఉంటాను. నాకు పొగ లేదు, చమురు లేదు, గొంతు కూడా దాదాపు లేదు. లోపల రాగి తీగల చుట్టలు, వాటి చుట్టూ వరసగా అతికించిన అయస్కాంతాలు, నేను ఏ మేరకు తిరిగానో కనిపెట్టి చెప్పే మూడు చిన్న బిళ్లలు, అంతే నా ఆస్తి. నడిమి ఇరుసు కదలదు. చుట్టూ ఉన్న ఒళ్లంతా తిరుగుతుంది. సంసారంలో ఒకరు కదలకుండా ఉంటేనే మిగతావాళ్లు తిరగగలరని నాకు ఆ రోజుల్లోనే తెలిసి ఉండాల్సింది. తెలియలేదు.

నన్ను చేసిన చోట తీగలు చుట్టేవాళ్లంతా ఆడపిల్లలే. తలలకు నీలం టోపీలు పెట్టుకుని, ఇంటి సంగతులు చెప్పుకుంటూ చుట్టేవారు. నా లోపలి రాగిలో ఎవరో ఒకమ్మాయి పెళ్లిచూపుల కబుర్లు కొన్ని చుట్టుకుని ఉండే ఉంటాయి.

బండితో పాటు నన్ను మొదట కొన్నది రాజమండ్రిలో ఒక బ్యాంకు ఉద్యోగి, మురళీధర్ గారు. కొన్న రోజున బండికి బంతిపూల దండ వేసి, బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. లోకంలో నేను చేసిన మొదటి పని ఒక నిమ్మకాయను చితకడం. చప్పుడు లేని బండి కావాలని ఏరి కోరి కొనుక్కున్న ఆయన, నెల తిరక్కుండానే "చప్పుడే లేదు, నేనొస్తున్నట్టు ఎవడికీ తెలియట్లేదు" అని బాధపడడం మొదలుపెట్టారు. దారిన పోయే ప్రతివాడూ ఆపి ఒకటే అడిగేవాడు, చార్జింగు పెడితే ఎంత దూరం వస్తుందని. ఆయన చెప్పేవారు. అడిగినవాడు నమ్మేవాడు కాదు. చెప్పిన ఆయనకీ నమ్మకం ఉండేది కాదు. రోడ్డు మీద కన్నా బ్యాటరీ గీతల మీదే ఆయన చూపు ఎక్కువగా ఉండేది. చివరికి వేరే ఊరికి బదిలీ అయి బండిని అమ్మేశారు.

కొన్నది కడియం దగ్గర ఒక నర్సరీలో పనిచేసే అనంతలక్ష్మి.

కడియం వైపు మీరు ఎప్పుడైనా వచ్చి ఉంటే, దారికి అటూ ఇటూ మొక్కలు తప్ప ఇంకేమీ కనిపించదని తెలిసే ఉంటుంది. అనంతలక్ష్మి అక్కడ అంట్లు కట్టేది. నాటు మొక్కను ఏటవాలుగా కోసి, మంచి జాతి కొమ్మను దానికి ఆనించి, ప్లాస్టిక్ పట్టీతో బిగించి చుట్టి, రెండూ ఒకటే చెట్టయ్యేలా చేయడం ఆవిడ పని. ఆవిడ కట్టిన అంటు వాడిపోవడం అరుదని నర్సరీలో చెప్పుకునేవారు.

ఆవిడ భర్త నూకరాజు ఆర్టీసీ డ్రైవరు. జీవితమంతా బస్సు నడిపిన మనిషి. ఒకరోజు డిపోలో టీ తాగుతూ గ్లాసు జారవిడిచాడు. వంగి తీసుకోబోయి తనూ పడిపోయాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు చచ్చుబడ్డాయి. కాలు మెల్లగా కొంత తేరుకుంది, చెయ్యి తేరుకోలేదు. అంతకన్నా పెద్ద కష్టం మాటది. గొంతు బాగానే ఉంది, బుర్రా బాగానే ఉంది, కానీ అనుకున్న మాట ఒకటైతే నోట్లోంచి వచ్చేది మరొకటి. మంచినీళ్లు అడగబోయి "గొడుగు" అనేవాడు. తలుపు వెయ్యమనబోయి "చేప" అనేవాడు. చూడ్డానికి వచ్చిన చుట్టాలు మొదట్లో జాలిపడ్డారు, తర్వాత నవ్వు ఆపుకున్నారు, ఆ తర్వాత ఆపుకోవడం మానేశారు. దాంతో ఆయన మాట్లాడడమే మానేశాడు.

ఆయన్ని రాజమండ్రి తీసుకెళ్లి కసరత్తులు చేయించాలి. నర్సరీ పని మానడానికి లేదు. అందుకని అనంతలక్ష్మి, సైకిలు కూడా తొక్కి ఎరగని ఆవిడ, ఆ వయసులో బండి నేర్చుకుంది. మొదటి రోజు నన్ను తిన్నగా ఇంటి ముందున్న బంతి మడిలోకి తోలింది. లేచి చీర దులుపుకుని, విరిగిన మొక్కల్ని లేవనెత్తి మట్టి సర్దింది, ఆ తర్వాతే బండిని లేపింది. వసారాలో కుర్చీలో కూర్చున్న నూకరాజు అంతా చూశాడు. ఆయన ఎడమ కాలు నేలకేసి గట్టిగా తొక్కుతూనే ఉంది. అక్కడ బ్రేకు ఉన్నట్టు, చచ్చుబడ్డ కుడి కాలి పని కూడా అదే చేస్తున్నట్టు.

తర్వాత ఆయన్ని వెనక ఎక్కించుకుని వెళ్లే రోజుల్లోనూ అంతే. మలుపు వచ్చినా, గేదె వచ్చినా, ఎదురుగా లారీ వచ్చినా ఆయన కాలు ఫుట్‌రెస్టు మీద బ్రేకు తొక్కేది. ఆ అదురు నాకు తెలిసేది.

"బ్రేకు నేనేత్తన్నానండీ, మీరెయ్యక్కర్లేదు," అనేది అనంతలక్ష్మి వెనక్కి తిరక్కుండానే.

ఆయన కాలు మాత్రం ఆగేది కాదు.

ఆ ఏడాది వానలు విడవకుండా పట్టుకున్నాయి. కాలవ పొంగి దారి మీదికి వచ్చింది. ఒక ఉదయం నూకరాజుకి అన్నం ముద్ద గొంతు దిగలేదు, మూతి మళ్లీ ఒక పక్కకి లాగింది. అనంతలక్ష్మి ఆటోవాళ్లందరికీ ఫోన్లు చేసింది. నీళ్లలో రాలేమన్నారు. ఆవిడ ఇంక ఎవరినీ అడగలేదు. మెత్తని పాత నేతచీర ఒకటి తీసి, ఆయన్ని వెనక కూర్చోబెట్టి, ఆయన నడుమూ తన నడుమూ కలిపి చుట్టి ముడేసింది. అంటు కట్టినట్టే, కింది నుంచి పైకి, ఎక్కడా వదులు లేకుండా.

కాలవ లాకుల దగ్గర నీళ్లు నా ఇరుసు దాటి పైకి వచ్చాయి. నీళ్లంటే నాకు భయం. నన్ను చేసినవాళ్లు వాననీ బురదనీ తట్టుకోమన్నారు గానీ కాలవలో ఈదమనలేదు. ఎక్కడో ఒక సందులోంచి చల్లగా లోపలికి కారడం తెలుస్తూనే ఉంది. ఆవిడ వేగం పెంచలేదు, తగ్గించలేదు. "పదమ్మా, పద, ఆగకు," అంటోంది. అది నాతోనే అనుకున్నాను. తనతో తనే అనుకుందేమో మరి. ఆయన గడ్డం ఆవిడ భుజం మీద ఆని ఉంది. ఆ రోజు ఆయన కాలు బ్రేకు తొక్కలేదు.

ఆసుపత్రిలో వేళకి తెచ్చారన్నారు. కొన్నాళ్లుండి ఆయన ఇంటికి తిరిగొచ్చాడు. ఉన్న చెయ్యి ఉన్నట్టే ఉంది, ఉన్న మాట ఉన్నట్టే ఉంది. మనిషి మిగిలాడు.

నేను మాత్రం అప్పటి నుంచి మునుపటిలా లేను. లోపల తుప్పు పట్టింది. గొంతే లేని నాకు గొంతు వచ్చింది, అదీ పిండిమరలాంటి గొంతు. మూడు బిళ్లల్లో ఒకటి ఊరుకుంది, తర్వాత ఇంకొకటి. నేను ఎక్కడ తిరుగుతున్నానో నాకే తెలిసేది కాదు. ఎత్తు ఎక్కేటప్పుడు వణికేదాన్ని. ఒకరోజు కాలవ వంతెన మీద పూర్తిగా ఆగిపోయాను.

అనంతలక్ష్మి బండి దిగి ఆయన్నీ దింపింది. చుట్టూ ఎవరూ లేరు. తను ముందు హ్యాండిలు పట్టుకుని తోస్తుంటే, ఆయన ఎడమ చేత్తో సీటు పట్టుకుని వెనక నడిచాడు. వంతెన దాటాక ఆగి వెనక్కి చూసింది.

"ఇంత దూరం మీరు ఎప్పుడు నడిచారండీ?" అంది.

కసరత్తులు చేయించే అమ్మాయి నెలల తరబడి బతిమాలినా నడవని దూరం అది. నేను చెడిపోయి చేసిన మంచి పని అదొక్కటే అనుకున్నాను.

బండి అమ్మిన దుకాణం ఉన్న చోట ఇప్పుడు బిర్యానీ అమ్ముతున్నారు. వేరే చోట ఒక మెకానిక్కు నన్ను చేత్తో తిప్పి, చెవి ఒగ్గి విని, పెదవి విరిచాడు. "దీన్ని విప్పి బాగుచేసేవోళ్లు ఇక్కడ లేరమ్మా. మోటారే మార్చాలి. నా దగ్గర దొరకదు. బండి పక్కన పడేసి వేరేది చూసుకోండి," అన్నాడు. వేరేది చూసుకునే స్థితిలో ఆవిడ లేదు. నర్సరీలో పనిచేసే అమ్మాయి ఫోనులో వెతికి పెడితే, నాలాంటి మోటారే ఒకటి పార్సిలులో తెప్పించుకుంది. టైరు లేకుండా ఒట్టి చక్రంతో వచ్చింది. కొత్తది, నున్నగా ఉంది. దాన్ని చూసి నాకు అసూయ కలగలేదని చెప్పను.

ఆదివారం పొద్దున్న అనంతలక్ష్మి బండిని వసారా ముందు నిలబెట్టి, కింద ఇటుకలు పెట్టి, గోనెసంచి పరిచింది. ఫోనులో ఎవరో హిందీలో మోటారు మార్చడం చూపిస్తున్నారు. ఆవిడకి హిందీ రాదు. కాసేపు చూసి, ఆపి, మళ్లీ చూసి, సీటు కింద చెయ్యి పెట్టబోయింది.

"చేప," అన్నాడు నూకరాజు కుర్చీలోంచి.

ఎన్నాళ్లకో వినపడిన గొంతు. ఆవిడ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఏంటండీ?"

"చేప. చేప." ఆయన తల అడ్డంగా ఊపాడు. తన మాట తప్పని తనకే తెలిసింది. ఎడమ చేత్తో ఏదో కిందికి నొక్కినట్టు చూపించాడు. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. చేప అంటే తలుపు. తలుపు అంటే మూయడం.

"కరెంటు కట్టెయ్యమంటారా?"

ఆయన కళ్లు మూసి తెరిచాడు. ఆవిడ బ్యాటరీ మీట దించేసింది. దించకుండా చెయ్యి పెట్టి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు కాబట్టి, నేను ఊపిరి పీల్చుకున్నాను.

అలా మొదలైంది. ఆయనకి పని తెలుసు. చెయ్యి లేదు, మాట లేదు. ఆవిడకి చేతులున్నాయి, పని తెలియదు. ఆయన "చెంచా" అంటే ఆవిడ నిజంగానే వంటింట్లోకి వెళ్లి చెంచా తెచ్చింది. ఆయన చెంచా వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు. ముఖం ఎర్రబడింది. ఇంక మాట్లాడడేమో అనుకున్నాను. ఆవిడ నవ్వలేదు. చెంచాని పక్కన పెట్టి, పనిముట్ల సంచి మొత్తం గోనె మీద గుమ్మరించింది.

"నేనొక్కోటీ ఎత్తి చూపిత్తాను, మీది వచ్చినప్పుడు చెప్పండి. ఏ పేరన్నా పెట్టుకోండి, నాకు పర్లేదు," అంది.

పానా ఎత్తినప్పుడు ఆయన "చెంచా" అన్నాడు. "అయితే ఇవాళ్టి నుంచి ఇది చెంచా," అంది ఆవిడ. తీగలు పట్టే శ్రావణం "దువ్వెన" అయింది. స్క్రూడ్రైవరు "మావయ్య" అయింది. ఆయన ఏది ఎందుకలా అన్నాడో ఎవరికీ తెలియదు. ఒకసారి పెట్టిన పేరు మాత్రం ఆవిడ మరిచిపోలేదు.

సీటు కింద నా తీగలు విడదీసింది. పసుపు, ఆకుపచ్చ, నీలం, మూడు లావువి. ఒక సన్నతీగల గుత్తి. ఏది దేనికి కలిసి ఉందో గుర్తుకి నర్సరీలో మొక్కలకి కట్టే పేరు బిళ్లలు కట్టింది. బ్రేకు తీగ వదులు చేసింది. ఇక మిగిలింది నా ఇరుసుని పట్టుకుని ఉన్న పెద్ద నట్టు. కాలవ నీళ్లకి అది తుప్పుపట్టి బిగుసుకుపోయింది. ఆవిడ రెండు చేతులా లాగింది, రాలేదు. పైకి లేచి తొక్కింది, రాలేదు. చెమట కళ్లలోకి కారుతుంటే అక్కడే నేల మీద చతికిలబడింది.

కుర్చీ కిర్రుమంది. నూకరాజు లేచాడు. గోడ పట్టుకుని, మెట్టు దిగి, కుడి కాలు ఈడ్చుకుంటూ వచ్చి ఆవిడ భుజం మీద ఎడమ చెయ్యి వేశాడు. ఆవిడకి అర్థమైంది. పానాని నట్టుకి గట్టిగా అదిమి పట్టుకుంది. ఆయన తన బరువంతా ఆవిడ భుజం మీద మోపి, కుడి కాలిని నేల మీద ఆనించి, ఎడమ కాలు ఎత్తి పానా మీద పెట్టి తొక్కాడు. ఇన్నాళ్లూ లేని బ్రేకులు తొక్కిన కాలు అది. నట్టు 'టక్'మని కదిలింది. ఆవిడ ఆయన్ని పడకుండా పట్టుకుంది. ఇద్దరూ అలాగే కాసేపు నిలబడి ఊపిరి తీసుకున్నారు.

నేను బయటికి వచ్చాను. పంక్చరు దుకాణంలో నా టైరు విప్పి కొత్తదానికి తొడిగించుకొచ్చింది. నేను టైరు లేని ఒట్టి చక్రంగా వసారా మూలన పడి, నా చోటులో అది కూర్చోవడం చూశాను. తీగల కొసలు ఒలిచి, మెలిపెట్టి, పట్టీ చుట్టడంలో మాత్రం ఆవిడకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. ఆ చేతులకి అది రోజూ ఉండే పనే. ఆయన ఆ చుట్టడం వంక చూస్తూ కూర్చున్నాడు. తన పెళ్లాం నర్సరీలో చేసేదేమిటో ఆయన అంత దగ్గరగా చూడ్డం అదే మొదటిసారేమో.

ఎండ వాలింది. మీట ఎత్తి, చక్రం గాలిలో ఉండగా ఆవిడ పిడి మెల్లగా తిప్పింది. కొత్త మోటారు హాయిగా, చప్పుడు లేకుండా తిరిగింది. వెనక్కి తిరిగింది.

ఆవిడ ముఖం వాడిపోయింది. "ఏంటండీ ఇది? ఎనక్కెల్తంది."

నూకరాజు చక్రం వంక చూశాడు. నోరు తెరిచాడు. "రివర్సు," అన్నాడు.

ఆవిడ చప్పున ఆయన వైపు తిరిగింది.

"ఏవన్నారు?"

"రివర్సు," అన్నాడు మళ్లీ. "రివర్సు. రైట్, రైట్, రైట్, హోల్డాన్." డిపోలో బస్సు వెనక్కి తీసేటప్పుడు కండక్టరు అరిచే మాటలవి. వెతక్కుండా, తప్పు పోకుండా, వరసగా వచ్చేశాయి. వచ్చినందుకు ఆయనకే నవ్వొచ్చింది. మొదట ముక్కులోంచి, తర్వాత పొట్టలోంచి. ఎన్నో నెలల తర్వాత ఆ ఇంట్లో ఆయన నవ్వు వినపడింది. అనంతలక్ష్మి కూడా నవ్వింది, నవ్వుతూనే కొంగుతో కళ్లొత్తుకుంది. ఆ చక్రం అలా వెనక్కి తిరుగుతూనే ఉంది, ఎవరికీ ఆపాలని తోచలేదు.

రెండు లావు తీగల్ని అటుదిటూ మార్చి చూస్తే చక్రం గజగజ వణికింది. సన్నతీగల్లో రెండు మార్చాక ముందుకి తిరిగింది. మర్నాడు ఆవిడ పనికి బండి మీదే వెళ్లింది.

నా సంగతి తర్వాతి వారం తేలింది. పాత ఇనప సామాన్లు కొనేవాడు కేకేసుకుంటూ వీధిలోకి వచ్చాడు. అనంతలక్ష్మి నన్ను ఎత్తి మెట్టు దిగబోయింది. నాకు పెద్దగా బాధ లేదు. నా రాగి కరిగి మళ్లీ ఏదో ఒకటి అవుతుందని సరిపెట్టుకుంటున్నాను.

"వద్దు," అన్నాడు నూకరాజు.

ఆ మాట సరిగ్గానే వచ్చింది. ఆవిడ నన్ను ఆయన ఎదుట దింపింది. ఆయన ఎడమ చేత్తో తన కుడి చేతిని ఎత్తి, బస్సు స్టీరింగు మీద పెట్టినట్టు నా ఒట్టి చక్రం అంచు మీద పెట్టాడు. కసరత్తుల అమ్మాయి ఆ చేతికని ఇచ్చిన మెత్తటి బంతిని పిల్లల ఆటవస్తువని ఆయన ఎప్పుడో విసిరేశాడు. వేళ్లు ఒకదాని తర్వాత ఒకటి, చాలా నెమ్మదిగా, నా చుట్టూ ముడుచుకున్నాయి. ఆయన తిప్పాలని చూశాడు. నా అయస్కాంతాలు ఒప్పుకోవు, ఒక్కో అడుగుకీ పట్టి వదులుతాయి. అలా పట్టి వదులుతూ కొద్దిగా తిరిగాను.

ఆవిడ చూసింది. ఆ సాయంత్రమే పాత కుట్టుమిషను స్టాండు ఒకటి తెచ్చి, నా ఇరుసుని దానికి బిగించి, స్టాండుని కుర్చీ ముందు పెట్టింది. నట్లు బిగించడం ఇప్పుడు ఆవిడకి కొత్త కాదు. ఆయన సైగలతో చెబితే, నా రెండు తీగలకి దసరా సీరియల్ దీపాల్లోంచి ఒక చిన్న బల్బు తీసి అతికించింది. చుట్టూ పట్టీ చుట్టింది. నా లోపలి రాగి ఇంకా బతికే ఉందని ఆ ఇంట్లో మొదట గ్రహించింది ఆయనే. నేను తిరిగితే బల్బు మినుకుమంటుంది. తిప్పడం ఆగితే ఆరిపోతుంది. బంతిని విసిరేసిన మనిషి పొద్దున్నా సాయంత్రమూ నన్ను వదిలిపెట్టడం లేదు.

నిన్న అనంతలక్ష్మి నర్సరీ నుంచి వచ్చి, బండి చార్జింగు పెట్టి, కాళ్లు కడుక్కుని, ఒక స్టూలు లాక్కొచ్చి ఆయన కుర్చీ వెనక వేసుకుంది.

"డ్రైవరుగారండీ, ఈ బస్సు ఎందాకా ఎల్తుందండీ?" అంది.

ఆయన ఆలోచించాడు. చాలాసేపు వెతికాడు. "బెండకాయ," అన్నాడు.

"మధ్యలో ఎక్కడన్నా ఆపుతారా?"

"ఆపుతా."

"అయితే ఎక్కుతానండి," అని ఆవిడ స్టూలు మీద సర్దుకుని కూర్చుంది. వెనక నుంచి ఆయన భుజం పట్టుకుంది. ఆయన కుడి చెయ్యి వచ్చి నా అంచు పట్టుకుంది. బల్బు వెలిగింది. ఆవిడ దిగుతానని అననే లేదు. మేం ముగ్గురం అలా వెళుతూనే ఉన్నాం.